కొట్టని టికెట్లు

రెండేళ్లకు పైగా ఒక మాట నా గొంతులో అడ్డంపడి ఉంది. మింగుదామంటే పోదు, కక్కుదామంటే రాదు. అన్నం కలుపుతుంటే గుర్తొస్తుంది. బట్టలు ఆరేస్తుంటే గుర్తొస్తుంది. ఎవరైనా "నువ్వు మంచిదానివక్కా" అన్నారంటే ఇక ఆ రోజంతా అదే. మా అక్కకు చెప్పలేదు, కన్నకొడుక్కి చెప్పలేదు, మా చర్చి సంఘంలో పాస్టరమ్మగారికి చెప్పలేదు. మీకే ఎందుకు చెప్తున్నానంటే మీరు నన్ను ఎరగరు. ఎరిగినవాళ్లు ఏమంటారో నాకు తెలుసు. "గింతేనా? గిందుల నీ తప్పేమున్నదే పిచ్చిదానా" అంటారు. ఆ మాట వినడం నాకిష్టం లేదు.

నేను బస్సు కండక్టర్ని. ఊరు కరీంనగర్. డిపో పేరు చెప్పను, నా పేరూ చెప్పను. మా ఆయన డ్రైవరుగా ఉండగానే చనిపోయాడు. ఆయన పోయాక నాకీ ఉద్యోగం ఇచ్చారు. చర్చిలో నాలుగు మాటలు మాట్లాడమంటే వెనక వరసలోకి పోయి కూర్చునేదాన్ని. అలాంటిదాన్ని బస్సెక్కిన ఆర్నెల్లకే నోరున్నదాన్నయ్యాను. ఫుట్‌బోర్డు మీద వేలాడేవాళ్లను "మీ అవ్వ మిమ్ముల కన్నది టైరు కిందికి పోనీకేనార్రా" అని తిట్టి లోపలికి లాగేదాన్ని. అంత నోరు ఉండి కూడా ఆ రోజు... సరే, వరుసగా చెప్తాను.

నాది సిటీ సర్వీసు. బస్టాండు నుంచి పెద్దాసుపత్రి, ఆడపిల్లల కాలేజీ మీదుగా ఊరి చివరి కాలనీ దాకా. కాలనీ అసలు పేరు వద్దు, మగ్గాల కాలనీ అనుకుందాం. అన్నీ సాంచెలు నడిపే ఇళ్లు, కరెంటు మగ్గాలన్నమాట. మగవాళ్లు సాంచెల మీద, ఆడవాళ్లు నూలు కండెలు చుడుతూ. పొద్దంతా ఆ చప్పుడులోనే బతికి బతికి అక్కడి ఆడవాళ్లకు మెల్లగా మాట్లాడటం రాదు. బస్సెక్కినా అరిచినట్టే మాట్లాడుకునేవారు. కొత్తగా ఎక్కినవాళ్లు కొట్లాట అనుకుని వెనక్కి తిరిగి చూసేవారు. నాకు మాత్రం ఆ ట్రిప్పు అంటే ఇష్టం. నిజం చెప్తున్నాను, ఇష్టమే.

ఆడవాళ్లకు బస్సు ఉచితమైన కొత్తలో సంగతి ఇది. మీకు తెలిసే ఉంటుంది, పైసలు తీసుకోకపోయినా టికెట్ కొట్టాలి. జీరో టికెట్. ఆధార్ కార్డు చూడాలి, ఎక్కిన స్టేజీ మిషన్‌లో నొక్కాలి, చీటీ చింపి చేతిలో పెట్టాలి. ఒక్కొక్కరికీ. పొద్దున ఎనిమిదిన్నర ట్రిప్పులో మగ్గాల కాలనీ దగ్గరే ముప్ఫై, ముప్ఫై అయిదు మంది ఆడవాళ్లు ఎక్కేవారు. పెద్దాసుపత్రిలో ఊడ్చేవాళ్లు, ఇళ్లల్లో పనికి పోయేవాళ్లు, కాలేజీ పిల్లలు. రోడ్డేమో గుంతలమయం. ఒక చేత్తో కడ్డీ, ఒక చేత్తో మిషన్, కార్డులు చూడటానికి మూడో చెయ్యి కావాలి.

అక్కడ సత్తెక్క అని ఒకామె ఉండేది. నాకంటే అయిదారేళ్లు పెద్దది. కండెలు చుట్టి చుట్టి ఆమె బొటనవేలు పక్కకు వంగిపోయి ఉండేది. కాలనీ ఆడవాళ్లు రోజూ కార్డు మరిచిపోయి నాతో మాట పడుతున్నారని, అందరి కార్డుల జిరాక్సులూ ఒక ప్లాస్టిక్ కవర్లో పెట్టి తెచ్చేది ఆమె. ఎక్కగానే కవరు నా చేతికిచ్చి, "ఇగో చెల్లె, మా ఊరు ఊరంత ఇందుల్నే ఉన్నది" అనేది. నేను కూర్చుని ఒక్కొక్కటీ తీసి, మనిషిని చూసి, టికెట్ కొట్టేదాన్ని. మొదటి నెలంతా అలాగే చేశాను. దేవుని ఎదుట చెప్తున్నాను, మొదటి నెల ఒక్కటి కూడా వదలలేదు.

తర్వాత ఒకరోజు కవరు చేతికిస్తుంటే, "ఉంచుకో అక్కా, మీ మొఖాలు నాకు తెల్వయా" అన్నాను.

అంతే. అక్కడ మొదలైంది.

బస్సంతా నవ్వింది. ఎవరో "మా కండక్టరమ్మ బంగారం" అన్నారు. ఆ రోజు టికెట్లు కొట్టలేదు. మర్నాడు కొట్టలేదు. మధ్యలో చెకింగ్ వాళ్లు ఎక్కితే చూపించడానికని నాలుగో అయిదో కొట్టి ఉంచేదాన్ని; ఆ దారిలో వాళ్లు ఎప్పుడూ ఎక్కలేదు. మిగతావాళ్లు ఊరికే కూర్చుని పోయేవారు. పైసలు లేని టికెట్ కదా, కొడితే ఏంటి, కొట్టకపోతే ఏంటి అనుకున్నాను. ఎవరి సొమ్మూ తినలేదు కదా అనుకున్నాను. జాలిపడి చేశానా? మణికట్టు నొప్పికి చేశానా? బంగారం అన్నందుకు చేశానా? ఇన్నాళ్లూ జాలి అనే చెప్పుకున్నాను. ఇప్పుడు చూసుకుంటే జాలి పావువంతు కూడా లేదేమో. ఒళ్లు వంగలేదు నాకు. దానికి మంచితనం అని పేరు పెట్టుకున్నాను.

చెప్పినవాళ్లు లేరా అంటే ఉన్నారు. మా డ్రైవరు యాదగిరన్న, అప్పటికే రిటైర్మెంటుకు దగ్గర పడ్డ మనిషి. ఒక మధ్యాహ్నం చాయ్ తాగుతూ అన్నాడు. "బిడ్డా, జీరో టికెట్లు కొడ్తున్నవా లేదా? పైన కూసున్నోళ్లకు మనుషులు కనవడరు, మిషన్ కనవడ్తది. ఖాళీ బండి తిప్పుతున్నరనుకుంటరు." నేను నవ్వి, "ఫికర్ జెయ్యకన్నా" అన్నాను. ఆయన మళ్లీ అనలేదు. ఒక్కసారే అన్నాడు. ఒక్కసారి చాలదా మనిషికి?

నాలుగు నెలలు గడిచాయి. ఒకరోజు డిపోలో నోటీసు పెట్టారు. మగ్గాల కాలనీ దారిలో ఎక్కేవాళ్లు లేరు కాబట్టి ఆ సర్వీసు అక్కడికి పోదు. చౌరస్తా దగ్గర ఎడమకు తిరగకుండా, బైపాసు మీద కొత్తగా కట్టిన అపార్టుమెంట్ల వైపు నేరుగా పోతుంది. సోమవారం నుంచి. నోటీసు చదివి కూడా నాకు వెంటనే తట్టలేదంటే నమ్ముతారా? "ఎక్కేటోళ్లు లేకపోవుడేంది, బస్సు నిండుతది గదా" అని పైకే అన్నాను. పక్కనున్న కండక్టర్ నావైపు చూసింది. ఆ చూపుతో తట్టింది. మిషన్‌లో ఉన్నది నేను కొట్టిన ఆ నాలుగైదే. అక్కడే బెంచీ మీద కూర్చున్నాను.

శనివారం మధ్యాహ్నం కాలనీ ఆడవాళ్లు ట్రాలీ ఆటో మాట్లాడుకుని డిపోకు వచ్చారు. పది పన్నెండు మంది ఉంటారు. ముందు సత్తెక్క, పక్కన ఆమె కూతురు మౌనిక. మౌనిక డిగ్రీ రెండో సంవత్సరం. ఆ ఇంట్లో పదో తరగతి దాటిన మొదటి మనిషి ఆ పిల్ల. పిల్ల డిగ్రీ పాసైతే బాసర సరస్వతమ్మ దగ్గరికి వస్తానని సత్తెక్క మొక్కుకుంది. ఆ మాట నాకు బస్సులో ఎన్నిసార్లు చెప్పిందో లెక్కలేదు. అర్జీ రాసింది మౌనికే. గుండ్రటి అక్షరాలు, కింద అందరి సంతకాలు, వేలిముద్రలు. కాలనీ నుంచి కాలేజీకి పోయే పిల్లలు పదకొండు మంది అని రాసింది. కాలనీ నుంచి చౌరస్తాకు మూడు కిలోమీటర్లు. ఆ రోడ్డంతా గ్రానైటు రాళ్ల లారీలు తిరుగుతాయి. మా పిల్లల చదువు ఆగిపోతుంది సార్ అని రాసింది.

మేనేజరు సారు చెడ్డవాడేం కాదు. కుర్చీలు వేయించాడు, నీళ్లు తెప్పించాడు. ఒక కాగితం తీసి చూపించాడు. మిషన్ లెక్క అది. కాలనీ స్టేజీలో పొద్దున ట్రిప్పుకు నలుగురు, అయిదుగురు. సాయంత్రం ముగ్గురు. సత్తెక్క తన ప్లాస్టిక్ కవరు ఆయన బల్ల మీద పెట్టింది. "గీ కార్డులన్ని మావే సారూ, లెక్కవెట్టుకోండ్రి." ఆయన అన్నాడు, "కార్డులుంటె సరిపోదమ్మా, టికెట్లుండాలె." నేను డ్యూటీ దిగి లెక్కల గదికి పోతూ, ఇదంతా వింటూ బయట ఆగిపోయాను. తలుపులోంచి కనబడ్డాను. "ఇగో, మీ కండక్టరే ఉన్నది, అడుగుదాం" అని లోపలికి పిలిచాడు.

"నువ్వే చెప్పమ్మా. గీ కాలనీ నుంచి పొద్దుగాల ఎంతమంది ఎక్కుతరు?"

సత్తెక్క మొహం వెలిగిపోయింది నన్ను చూసి. "చెప్పు చెల్లె. నువ్వైతె అబద్ధమాడవు."

గోడ మీద గడియారం ఉంది. కింద నా చేతిలో మిషన్ ఉంది. నేను గడియారం చూశాను.

"మిషన్ల ఎంతుంటె గంతే సార్" అన్నాను.

మౌనిక అడిగింది, మెల్లగా. ఆ కాలనీలో మెల్లగా మాట్లాడటం వచ్చిన మనిషి ఆ పిల్ల ఒక్కతే.

"మేడం, పొద్దుగాల నాకు నిలవడనీకె గూడ జాగ దొరకకపోతుండె గదా?"

"నాకు యాదికి లేదు" అన్నాను.

అయ్యో, ఎంత తేలిగ్గా వచ్చిందా మాట! అయిదు నిమిషాల ముందు ఎవరైనా అడిగి ఉంటే ఆ బస్సులో ఎవరు ఏ సీట్లో కూర్చుంటారో కూడా చెప్పేదాన్ని. పిల్ల ఇంకేదో అడగబోయింది. సత్తెక్క ఆమె భుజం మీద చెయ్యి వేసి ఆపింది. "ఊకో బిడ్డా. ఆమె నౌకరి ఆమెది. పెద్దసారు ముంగట ఆమె ఏమని చెప్తది పాపం." నన్ను ఎవరో భయపెట్టి అలా చెప్పించారనుకుంది ఆమె. నా అబద్ధాన్ని తన కొంగు కింద దాచింది. పోతూ పోతూ నా చెయ్యి కూడా పట్టుకుని వదిలింది.

నిజం చెప్తే ఏమయ్యేది? టికెట్ కొట్టనందుకు మెమో వచ్చేది. సస్పెండ్ చేసేవారేమో. ఒంటరిదాన్ని, కొడుకు ఐటీఐలో ఉన్నాడు, ఇంటి కిరాయి ఉంది. ఇవన్నీ నిజమే. కానీ ఆ నిమిషంలో నాకు కొడుకు గుర్తు రాలేదు, కిరాయి గుర్తు రాలేదు. పన్నెండు మంది ఆడవాళ్లు నన్ను బంగారం అనుకుంటున్నారు. నా వల్లే మీ బస్సు పోయిందని వాళ్ల మొహాల మీద చెప్పాలి. దానికి భయపడ్డాను. మంచిదాన్ననే పేరు కాపాడుకోవడానికి వాళ్ల బస్సును వదిలేశాను. థూ, నా బతుకు.

సోమవారం నుంచి బస్సు నేరుగా పోయింది. బోర్డు మీద కాలనీ పేరు చెరిపి కొత్త పేరు రాశారు. కింద పాత అక్షరాలు లీలగా కనబడేవి. చౌరస్తా రాగానే యాదగిరన్న చెయ్యి స్టీరింగు మీద అలవాటుగా ఎడమకు కదిలి ఆగేది. ఆయన నాతో ఆ సంగతి ఎప్పుడూ ఎత్తలేదు. ఎత్తితే బాగుండేది.

మౌనిక మూడు కిలోమీటర్లు నడిచి వచ్చి చౌరస్తాలో ఎక్కేది. మొదట్లో అయిదారుగురు పిల్లలు కలిసి వచ్చేవారు. లారీల దుమ్ముకు చున్నీ మూతికి కట్టుకుని వచ్చేవారు. వాళ్లు ఎక్కీ ఎక్కగానే టికెట్లు కొట్టేదాన్ని, చకచకా, ఒక్కటీ వదలకుండా. ఇప్పుడు కొట్టి ఏం లాభం? అయినా కొట్టేదాన్ని. వానలు మొదలయ్యాక ముగ్గురయ్యారు. ఒకరోజు మౌనిక చెప్పులు చేతిలో పట్టుకుని ఎక్కింది, మోకాళ్ల దాకా బురద. "ఫస్ట్ పీరియడ్ అయిపోయి ఉంటది మేడం" అంది. నా మీద కోపంగా అనలేదు. ఊరికే అంది. అప్పుడైనా ఆ పిల్ల పక్కన కూర్చుని చెప్పి ఉండవచ్చు కదా. టికెట్ చింపి చేతిలో పెట్టి ముందుకు పోయాను. "జరగండ్రి, లోపలికి జరగండ్రి" అని అరుచుకుంటూ. బస్సు సగం ఖాళీగా ఉంది.

ఆ తర్వాత పది రోజులు చూశాను. నెల చూశాను. రాలేదు. మౌనిక ఏమైందని, వస్తున్న పిల్లలనైనా అడగలేదు నేను. ఏం చెప్తారోనని.

మూడు నెలలకు నేనే అడిగి సిటీ సర్వీసు నుంచి మార్పించుకున్నాను. మోకాళ్ల నొప్పులని రాసిచ్చాను. బాసర పోయే సర్వీసు ఇచ్చారు.

మా సంఘంలో ఆదివారం ఆరాధనలో సాక్ష్యాలు చెప్పుకోవడం ఉంటుంది. దేవుడు చేసిన మేలు ఒకరు, తన తప్పు ఒకరు, లేచి నిలబడి అందరి ముందు చెప్తారు. ఒక ఆదివారం గట్టిగా నిర్ణయించుకుని లేచాను. అందరూ నావైపు తిరిగారు. నోరు తెరిచి, ప్రభువు నా మోకాళ్ల నొప్పులు తగ్గించాడు అని చెప్పి కూర్చున్నాను. స్తోత్రం అన్నారు అందరూ. లేని నొప్పికి స్తోత్రం! నెలనెలా ప్రభువు బల్ల దగ్గర రొట్టె తీసుకోబోయే ముందు, ఏం తప్పు చేశారో ఎవరిని వారు పరిశీలించుకోండి అంటారు పాస్టరు అయ్యగారు. నేను పరిశీలించుకుంటాను. అయినా లేచి పోయి రొట్టె తీసుకుంటాను. పోకపోతే ఎందుకు పోలేదని అడుగుతారు కదా.

ఇన్నాళ్లు లేనిది ఇప్పుడు ఎందుకు రాస్తున్నానంటారా? పోయిన నెల సత్తెక్క నా బస్సెక్కింది.

పొద్దున బాసర సర్వీసు. వెనక తలుపు నుంచి ఎక్కింది, చేతిలో టెంకాయ సంచీ. నేను గుర్తుపట్టి ముందుకే ఉండిపోయాను. ఎంతసేపు ఉంటాను? టికెట్ కొట్టాలి కదా. దగ్గరికి పోయేసరికి కార్డు తీసి పట్టుకుని ఉంది. తలెత్తి చూసింది.

"ఓ చెల్లె! నువ్వేనా! పానం మంచిగున్నదా? మోకాళ్లు ఎట్లున్నయి?"

మోకాళ్ల సంగతి ఆమె దాకా పోయింది. బాగున్నానని చెప్పి, మౌనిక ఎలా ఉందని అడిగాను. అడగకుండా ఉండలేకపోయాను.

"భీవండి పోయింది, బొంబాయి దిక్కు. మా తమ్మునింట్ల ఉంటది. ఆడ కండెలు చుడ్తది." చేతిలో కార్డును కొంగుతో తుడిచింది. "వానకాలం వాళ్ల బాపు వద్దన్నడు. గా లారీల తొవ్వల ఆడివిల్ల నడుసుడేందన్నడు. హాజరు తక్కువైందని పరీక్ష గూడ రాయనియ్యలే. ఇగ ఇంట్ల ఊకె కూసుండుడెందుకని పంపినం."

"మరి నువ్వు బాసరకు..."

"మొక్కు మొక్కే గదా. పాసైతె వస్తనన్న. పాస్ కాలే. గది తల్లి తప్పా? వచ్చి మొఖం జూపిచ్చి పోదామని."

నేను మిషన్‌లో స్టేజీ నొక్కాను. జీరో టికెట్ బయటికి వచ్చింది. చింపి ఇచ్చాను. ఆమె దాన్ని చూసి నవ్వింది. వంగిన బొటనవేలితో మడతపెట్టుకుని కొంగున కట్టుకుంది.

"అప్పుడు గిది లేకపోయె, కార్డు గూడ అడగకపోతుంటివి. మా వాడల ఇప్పటికీ అనుకుంటం, అసుంటి కండక్టరమ్మ మల్ల రాదని."

అప్పుడు చెప్పాలి. ఆ మాటకు మించిన సందు నాకు దేవుడు కూడా ఇవ్వలేడు. పక్క సీటు ఖాళీగా ఉంది. బాసర ఇంకా నాలుగు గంటల దూరం. నేను ఆమె సంచీ జారిపోకుండా సీటు కిందికి జరిపాను. ముందుకు పోయి నా సీట్లో కూర్చున్నాను. బాసరలో దిగేటప్పుడు ఆమె చెయ్యి ఊపింది. నేనూ ఊపాను.

నేను టికెట్లు కొట్టినా ఆ బస్సును ఎలాగైనా తీసేసేవారేమో. అపార్టుమెంట్ల వాళ్లు పెద్దవాళ్లు, వాళ్ల మాట చెల్లేదేమో. ఇలా ఎన్నోసార్లు నాకు నేనే వకీలునయ్యాను. కేసు నిలవదు. ఆ గదిలో నన్ను అడిగింది బస్సు సంగతి కాదు. ఎంతమంది ఎక్కుతారని అడిగారు, అంతే. ఇప్పుడైనా డిపోకు పోయి చెప్పవచ్చు కదా అని మీరడుగుతారు. అడగండి. ఆ మేనేజరు సారు మారిపోయాడు, కొత్తాయనకు ఆ కాలనీ పేరే తెలియదు. ఇది జవాబు కాదని నాకూ తెలుసు. చెప్పినా మౌనికకు ఆ రెండేళ్లు తిరిగిరావు. సత్తెక్కకు చెప్తే క్షమిస్తుంది. ఆమె క్షమిస్తుందనే నాకు భయం. అంత తేలిగ్గా పోవద్దిది.

అందుకని మిమ్మల్ని క్షమించమని అడగను. ఆ గదిలో అడిగిన ప్రశ్నకు జవాబు మాత్రం రాసిపెడుతున్నాను, ఆ రోజు చెప్పవలసింది చెప్పవలసినట్టుగా.

ముప్ఫై అయిదు మంది ఎక్కుతరు సార్. కూసునేతందుకు సీట్లు సాలవు. గా పిల్ల రోజు నిలవడుకుంటనే కాలేజీకి పోతది. టికెట్లు నేను కొట్టలే.